ఒక జపాను ఆట – దాని రెండవ భాగము

తెలుగు సాహిత్యము బోధించుకొనే వారికి వీడియో ఆటలతో పని ఏమిటని ఈ సంచికను తిరగవేసే పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మొదట మేమూ అట్లే అనుకొన్నాము.

మూడేండ్ల క్రితం ఒక మధ్యాహ్నం డిగ్రీ చివరి సంవత్సరపు తరగతిలో ప్రబంధ లక్షణాలు చెబుతుండగా, వెనుక బల్లపై ఒక విద్యార్థి తల వంచుకొని ఉండుట గమనించి, దగ్గరకు పోయి చేయి చాచాము. అతడు మారు మాటాడక సెల్‌ఫోను మా చేతిలో పెట్టాడు. తెరపై పచ్చిక బయలు, దాని మీద బొమ్మల వంటి ముగ్గురు మనుషులు. సాయంకాలం ఫోను తీసికొని పోవడానికి అతడు వచ్చినప్పుడు, కోపముతో కాక కుతూహలముతోనే అడిగాము:

“ఇందులో ఏముందయ్యా అంత?”

అతడు కొంత తటపటాయించి, “ఇందులో ఎంత కష్టపడితే అంతా లెక్కలోకి వస్తుంది సార్. యార్డులో అట్లా రాదు,” అన్నాడు.

యార్డు అనగా మదనపల్లె టమోటా మార్కెట్టు. రాత్రిపూట అక్కడ బాక్సులు ఎత్తి, పగలు తరగతికి వచ్చే పిల్లలు మనకు కొత్త కాదు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి దేశమంతా ఆ మార్కెట్టు పేరు చెప్పుకొన్నది. అదే కాయను మరొక ఋతువులో కొనే దిక్కు లేక రోడ్డు ప్రక్క పారబోసిన రోజులూ మనము చూచినవే. ఎత్తిన బాక్సు బరువు రెండు కాలాలలోనూ ఒక్కటే. ఆ కుర్రవాని మాట మమ్ము చాల రోజులు వదలలేదు. చివరకు అదే ఆటను మా ఫోనులోకి కొని తెచ్చుకొని మొదటి నుండి చివర వరకు ఆడితిమి. దాని పేరు ‘డ్రాగన్ క్వెస్ట్’, రెండవ భాగము. ఆ ఆట ఎటువంటిదో, దానిని ముగించడమంటే ఏమిటో విద్యార్థి మిత్రులకూ, ముఖ్యముగా అటువంటివాటిని కేవల కాలహరణముగా తలచే పెద్దలకూ వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

దీని మొదటి భాగము 1986 మే 27న జపానులో వెలువడినది. నింటెండో వారి ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే చిన్న యంత్రాన్ని టెలివిజనుకు తగిలించి ఆడే ఆట. కథ అల్లినవాడు యూజీ హోరీ. బొమ్మలు గీచినవాడు అకిరా తొరియామా. సంగీతము కూర్చినవాడు కోయిచీ సుగియామా. యంత్రభాషలోనికి మార్చినవాడు కోయిచీ నకామురా అనే యువకుడు. అప్పటికి అమెరికాలో ‘అల్టిమా’, ‘విజార్డ్రీ’ అనే ఆటలు కంప్యూటర్లపై ఆడుతూ ఉండేవారు. అవి చదువుకొన్నవారి ఆటలు, చిక్కైనవి. వాటి సారాన్ని తీసి, చిన్న పిల్లవాడు కూడ రెండు మీటలతో ఆడగలిగేటట్లు హోరీ బృందము మలచినది.

ఇందులో వ్రేళ్ళ వేగముతో పని లేదు. శత్రువు ఎదురైనప్పుడు ఆట ఆగి, ఏమి చేయుదువని అడుగుతుంది: కొట్టుట, మంత్రము వేయుట, కాచుకొనుట, పారిపోవుట. నీవు తీరుబడిగా యోచించి చెప్పవచ్చును. గెలిస్తే కొంత బంగారము, కొన్ని అనుభవాంకాలు దక్కుతాయి. ఆ అంకాలు ఒక మొత్తానికి చేరగానే నీ పాత్ర ఒక మెట్టు ఎక్కుతుంది. బలము పెరుగుతుంది, ప్రాణశక్తి పెరుగుతుంది, అప్పుడప్పుడు కొత్త మంత్రము ఒకటి వస్తుంది. తరువాతి మెట్టుకు మరిన్ని అంకాలు కావలెను. ముందున్న ఊరికి పోవలెనంటే దారిలోని జంతువులు నిన్ను మించినవి. కనుక ఉన్నచోటనే తిరిగి తిరిగి, కొట్టినవాటినే మరల కొట్టి, బలము కూర్చుకొని కదలవలెను. ఆటగాళ్ళు దీనికి ‘గ్రైండింగ్’ అని పేరు పెట్టారు. ఆ ధాతువు నుండి వచ్చిన గ్రైండరు మన వంటిళ్ళలో ఉండనే ఉన్నది కనుక విడమరచి చెప్పనక్కరలేదు. రుబ్బుడు పని. సంగీత విద్వాంసులు ‘రియాజ్’ అనే దానికి ఇది దూరపు చుట్టము. కాని రియాజులో స్వరము ఒకనాడు పలుకుతుంది, మరునాడు పలుకదు. ఇక్కడ అట్లా కాదు. నూరు అంకాలకు నూరు అంకాలు నీ పేర జమ అవుతాయి. చచ్చినా పోవు. ముగ్గురూ యుద్ధములో కూలిపోతే చేతి బంగారములో సగము పోతుంది కాని సంపాదించిన అనుభవములో ఒక్క అంకమైనా తగ్గదు.

ఇదే ఆ కుర్రవాడు చెప్పిన లెక్క. దీని విలువ మాకు వెంటనే తెలియడానికి ఒక కారణము ఉన్నది. మా చిన్నతనములో అమ్మీ పట్టు మగ్గాల వారికి ఇంటిలో కండెలు చుట్టి ఇచ్చేది. ఒకసారి వారము రోజుల పని, నూలు చిక్కు పడినదని చెప్పి మొత్తము త్రిప్పి పంపివేశారు. చిక్కు ఇచ్చిన నూలులోనే ఉన్నదని అమ్మీ ఎంత చెప్పినా వినలేదు. ఆ వారము పని ఏ ఖాతాలోనూ పడలేదు. పడిన శ్రమ పడినట్లు వ్రాసిపెట్టే చోటు, బొమ్మల లోకములో అయినా సరే, ఒకటి ఉన్నదంటే అక్కడికి మనుషులు ఎందుకు పోతారో అర్థము చేసికొనలేనంత చదువు మేము చదువలేదు.

రెండవ భాగము 1987 జనవరి 26న వచ్చినది. మొదటి దానికి ఎనిమిది నెలలే ఎడము. మొదటి భాగములో వీరుడు ఒంటరి. శత్రువు కూడ ఒక్కొక్కటే వస్తుంది. రెండవ దానిలో కథ నూరేండ్లు ముందుకు జరిగినది. ఆ వీరుని వంశములోనివారు ముగ్గురు ఉన్నారు. మిడెన్‌హాల్ రాకుమారునికి బలము ఉన్నది, ఒక్క మంత్రము కూడ రాదు. కానక్ రాకుమారునికి రెండూ కొంచెము కొంచెము వచ్చును. మూన్‌బ్రూక్ రాకుమారి మంత్రవిద్యలో దిట్ట, శరీరము మాత్రము గాజుబొమ్మ. ఆమె కోటను హార్గాన్ అనే దుష్ట పూజారి సేనలు కూల్చివేయగా కథ మొదలవుతుంది. ఆమెయే శాపము వలన కుక్కయై ఒక ఊరి వీధులలో తిరుగుతూ ఉంటుంది. చిత్తడి నేలలో దాగిన ఒక అద్దము తెచ్చి చూపితే తప్ప ఆమెకు స్వరూపము రాదు. కానక్ రాకుమారుని కోసము వెదకడము వేరొక ముచ్చట. అతని కోటకు పోతే ఇప్పుడే వెళ్ళినాడంటారు. అక్కడికి పోతే మరొక చోటికి పోయినాడంటారు. చివరకు మనము ముందే దాటి వచ్చిన ఊరి సత్రములో తీరికగా కూర్చొని ఉంటాడు. మా బంధువులలో ఇటువంటి వారు ఇద్దరున్నారు.

ముగ్గురూ కూడిన తరువాత ఒక ఓడ దొరుకుతుంది. అంతటితో దారి చూపేవారు పోతారు. సముద్రమంతా నీదే, ఎక్కడికైనా పోవచ్చును, ఎక్కడికి పోవలెనో ఎవరూ స్పష్టముగా చెప్పరు. ఐదు ముద్రలు సేకరించవలెను: సూర్యుడు, చంద్రుడు, నక్షత్రము, జలము, ప్రాణము. ఒక ఊరిలో ఒకడు అన్న ముక్క మాట, మరొక ద్వీపములో మరొకడు అన్న ముక్క మాట కలుపుకొని వెదకవలెను. మేము ఇక్కడ ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొన్నాము.

మన సాహిత్యము చదివినవారికి ఈ నిర్మాణము వింతగా తోచదు. మధిర సుబ్బన్న దీక్షితుల వారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు గొల్ల పిల్లవానిని వెంటబెట్టుకొని కాశీకి పోతూ, ఆగిన ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. కథ లేకుంటే పిల్లవాడు నడవడు. నడవకుంటే కాశీ రాదు. ఆ ‘మజిలీ’ అనే మాట అరబ్బీ ‘మంజిల్’ నుండి ఫారసీ, ఉర్దూల మీదుగా మన భాషలోనికి వచ్చినదే. ఉర్దూలో లక్నో నవల్ కిశోర్ ముద్రణాలయము వారు 1883 నుండి అచ్చు వేసిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’ ఇంకను పెద్దది. మాయా ప్రపంచములో చిక్కిన వీరుడు దాని గుట్టు వ్రాసి ఉన్న పలక చేతికి వస్తే తప్ప బయటపడలేడు. మొదటి నాలుగు సంపుటాలు వ్రాసిన ముహమ్మద్ హుసేన్ జాహ్ తరువాత తక్కినవి అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తి చేశాడు. సాగిన కథను సాగదీయడము కన్న ముగించడము కష్టమని ఆ పని చేసినవారికి తెలియును. జపానువారి ఆటలో మార్పు ఒక్కటే: గొల్ల పిల్లవాడు కథ వినుటే కాక మజిలీకీ మజిలీకీ నడుమ నేల తానే నడవవలెను, దారిలోని ప్రతి కుక్కను తానే అదలించవలెను.

మా నడక అంతా ఆర్టీసీ బస్సులో సాగినది. నివాసము పుంగనూరు, ఉద్యోగము మదనపల్లె, నెలకు ఒకటి రెండు మార్లు ద్రావిడ విశ్వవిద్యాలయములో పని పడి కుప్పము. ఇంటిలో ఆడరాదని, బస్సు కదిలిన తరువాత మొదలుపెట్టి, దిగవలసిన స్టాండు రాగానే మూసివేయవలెనని మేము ఒక నియమము పెట్టుకొన్నాము. ఈ నియమము రెండు మార్లు తప్పాము. ఒకమారు పుంగనూరులో దిగవలసినది మరచి పలమనేరు దాకా పోయాము.

ఇక ఆ కాలపు జపాను పిల్లలు పడిన కష్టము మేము పడనిది ఒకటి ఉన్నది, అది చెప్పవలెను. 1987 నాటి ఆ ఆట మొత్తము 128 కిలోబైట్ల పెట్టెలో ఇమిడినది. ఇప్పుడు మనము ఫోనుతో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ పెట్టెలో ఆటగాని ప్రగతిని దాచుకొనే చోటు లేదు. యంత్రము ఆర్పితే అంతా పోతుంది. అందుకు వారు కనుగొన్న ఉపాయము ‘పునరుజ్జీవన మంత్రము’. ఆట ఆపదలచినప్పుడు రాజు ఒక మంత్రము చెబుతాడు. అర్థము లేని జపాను అక్షరాల వరుస. దానిని కాగితము మీద వ్రాసికొని, మరునాడు అక్షరము తప్పకుండ మరల ఎక్కించవలెను. మొదటి భాగములో ఇరవై అక్షరాలు. రెండవ భాగములో వీరులు ముగ్గురు, వారి సామాను ఎక్కువ, కనుక మంత్రము 52 అక్షరాల వరకు పెరిగినది.

ఇందులో మాయ ఏమియు లేదు, గణితమే. వాడిన అక్షరాలు 64. ఒక్కొక్క అక్షరము ఆరు బిట్ల సంఖ్యకు గుర్తు. అనుభవాంకాలు, బంగారము, చేతిలోని వస్తువులు, పూర్తి చేసిన పనులు అన్నిటినీ సంఖ్యలుగా మార్చి, ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి, ఆరేసి బిట్లుగా కోసి, అక్షరాలుగా వ్రాసినదే మంత్రము. వ్రాతలో తప్పు పడినదా లేదా అని సరిచూచుకొనే గుర్తు కూడ అందులోనే ఉంటుంది. కనుక ఒక్క అక్షరము తప్పినా యంత్రము ‘మంత్రము సరి కాదు’ అంటుంది. ఎక్కడ తప్పినదో చెప్పదు. జపాను లిపిలో ‘క’కు ప్రక్కన రెండు చిన్న గీతలు పెడితే ‘గ’ అవుతుంది. అవే గీతలకు బదులు చిన్న సున్న పెడితే ‘బ’ వంటిది ‘ప’ అవుతుంది. ఆనాటి మసక టెలివిజను తెర మీద గీతలేవో సున్న ఏదో తెలియక, ఎందరు పిల్లలు నెలల శ్రమను ఒక్క గుర్తు వద్ద పోగొట్టుకొన్నారో.

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. ‘దుఆ’కూ ‘దగా’కూ నడుమ చుక్క ఒక్కటే. తెలుగు విద్యార్థులకు వత్తులూ పొల్లులూ ఉండనే ఉన్నవి. మా పదవ తరగతి ధ్రువపత్రములో ఎవరో మా పేరులో ఒక అక్షరము మార్చి వ్రాయగా, అది దిద్దించుకొనడానికి రెండేండ్లు తిరిగాము. అన్ని పరీక్షలూ వ్రాసినది మేమే, కాని పత్రము ప్రకారము ఆ మనిషి మేము కాము. ఆ ఆట యంత్రము ఒక విధముగా మేలు. తప్పు ఉన్నదని వెంటనే చెప్పినది.

1988లో వచ్చిన మూడవ భాగములో పెట్టెలోనే చిన్న బ్యాటరీ పెట్టి ప్రగతిని దాచే ఏర్పాటు చేశారు. మేము ఆడిన ఫోను రూపములో అసలు ఆ చిక్కే లేదు. తరువాతి కాలపు రూపాలలో అనుభవాంకాలు కూడ ఉదారముగా ఇచ్చారు. కనుక మేము గెలిచినది 1987 నాటి ఆటను కాదు, దాని మెత్తబడిన వారసుని. ఈ నిజము ఒప్పుకొని ముందుకు పోతాము.

ఆ మెత్తబడిన రూపములో సైతము మమ్ము నిలువరించినది రెండరాక్ గుహ. ఇది చివరి పీఠభూమికి పోయే దారి. ఇందులో కంటికి కనిపించని గోతులు. అడుగు వేయగానే క్రింది అంతస్తులో పడతావు; మరల పైకి ఎక్కి వస్తే ప్రక్క గడిలో మరొక గొయ్యి. పై అంతస్తులలో దారులు తిరిగి తిరిగి మొదటికే చేరుతాయి. సరియైన మలుపు ఏదో తెలిసే వరకు అదే నడవాలో నడుస్తూ ఉండవలెను. ఇన్నిటినీ దాటి బయటకు వస్తే తెల్లని మంచు బయలు. సంగీతము మారుతుంది. అక్కడ మొదటి అడుగులలోనే మావారు ముగ్గురిలో ఇద్దరు కూలిపోయారు. చచ్చిన వారు శవపేటికలై వెంట వస్తారు. బ్రతికినవాడు వాటిని ఈడ్చుకొంటూ నడుస్తాడు.

ఇక్కడ మా ఆక్షేపణ ఒకటి ఉన్నది. అంతవరకు ఆట ఇచ్చిన మాట, పడిన శ్రమ వృథా కాదని. ఈ పీఠభూమి మీద ఆ మాట తప్పుతుంది. ఇక్కడి శత్రువులలో ఒక జాతి మరణమంత్రము వేస్తుంది. తగిలితే నీ మెట్టు ఎంత పెద్దదైనా ఒక్క క్షణములో ప్రాణము పోతుంది. తగలకుంటే ఏమీ కాదు. మరొక జాతి తన ప్రాణము తానే తీసికొని నీ ముగ్గురినీ వెంట తీసికొనిపోతుంది. దీనికి బలముతో పని లేదు. పాచికలు ఎట్లా పడితే అట్లా. ఈ చివరి ఘట్టాన్ని తగినంతగా ఆడి తూకము సరిచూచే వ్యవధి నిర్మాతలకు చిక్కలేదన్న సంగతి ప్రసిద్ధము. ఎనిమిది నెలలలో అంతటి పని చేసినవారిని తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. కాని విద్యార్థి చెప్పిన ‘లెక్క’ ఇక్కడ యార్డు లెక్క అయిపోయినది. అతడు ఆట ఆపివేసినది కూడ ఈ మంచు మీదనే అని తరువాత తెలిసినది.

మేము ఏమి చేశాము? గుహ దాటిన చోట ఒక చిన్న మందిరము ఉన్నది. గాయాలు మాన్పేవాడు అక్కడ ఉంటాడు. ఆ మందిరము వదలి పది అడుగులు పోవుట, ఒక యుద్ధము చేయుట, మరల లోనికి వచ్చుట. మదనపల్లె నుండి పుంగనూరుకు, పుంగనూరు నుండి మదనపల్లెకు ఒక నెల రోజులు ఇదే. ప్రక్క సీటులోని ఒక పెద్దమనిషి రెండు వారాలు చూచి, “ఆ వాకిలి దాటి పోరా సార్ మీరు?” అని అడిగాడు.

పెద్దల అసలు అభ్యంతరము కాలము గురించి. అది గట్టిదే. జపానులో మూడవ భాగము 1988 ఫిబ్రవరి 10, బుధవారము నాడు విడుదల కాగా, పిల్లలు బడులు ఎగగొట్టి దుకాణాల ముందు వరుసలు కట్టారు. పోలీసులు వారిని పట్టి మందలించవలసి వచ్చినది. నాలుగవ, ఐదవ భాగాలు రెండూ ఆదివారాలు చూచి విడుదల చేశారు. మా విద్యార్థి కూడ ఆ సంవత్సరము రెండు పేపర్లు తప్పాడు. రాత్రి యార్డు, తెల్లవారుజామున ఆట, పగలు నిద్ర. అందులో ఆట వాటా లేదని మేము అనము. అయితే ఆట ఒక్కటే తీసివేస్తే ఆ రెండు పేపర్లు వచ్చేవని కూడ అనలేము. ఫోను లాగికొనుట సులభము. లాగికొన్న చేతితో ఏమి ఇస్తామన్నది కళాశాల వారమంతా యోచించవలసిన విషయము. అతనికి మేము ఇచ్చినది సాయంకాలము ఒక గంట చొప్పున తప్పిన పేపరు పాఠాలు. ఆట సంగతి ఆ గంటలో ఎత్తకూడదని ఒప్పందము. చివరి ఐదు నిమిషాలు మాత్రము మినహాయింపు.

ముగింపు కుప్పము బస్సులో జరిగినది. పలమనేరు దాటిన తరువాత హార్గాన్ కోట ద్వారము వద్దకు చేరాము. లోపల అడుగు పెట్టగానే మేము నివ్వెరపోయాము. అది దుర్గము కాదు. కథ మొదలైన మిడెన్‌హాల్ కోట, మన వీరుని ఇల్లు. అదే సింహాసనము, అదే మనుషులు, అందరూ నవ్వుతూ, ఇక యుద్ధము లేదు, హాయిగా ఉండుమంటారు. అది శత్రువు పన్నిన మాయ. ఐదు ముద్రలు చూపినందుకు రూబిస్ అనే దేవత ఇచ్చిన రక్షరేకు తీసి వాడితే ఆ ఇల్లు కరగిపోయి అసలు కోట కనిపిస్తుంది. రక్షరేకు తెచ్చుకొననివాడు ఆ నకిలీ ఇంటిలోనే తిరుగుతూ ఉండవలెను.

హార్గాన్ పడిన తరువాత అతడు పిలిచిన వినాశ దేవత మాల్‌రోత్ లేచి వస్తాడు. 1987 నాటి ఆటలో వీని ప్రాణశక్తి 250 మాత్రమే. ఎనిమిది బిట్లలో 255 కన్న పెద్ద సంఖ్య ఇమడదు కనుక అంతకు మించి ఇవ్వలేకపోయారు కాబోలు. ఆ కొరత తీర్చడానికన్నట్లు వానికి గాయాలన్నీ ఒక్కసారి మాన్పుకొనే మంత్రము ఇచ్చారు. చావు అంచుకు తెచ్చిన శత్రువు ఒక్క మాటతో మొదటికి వచ్చి నిలిస్తే ఆ పిల్లలు ఏమనుకొని ఉంటారో. మేము మాత్రము వి.కోట స్టాండులో బస్సు ఆగి ఉన్న కొద్ది నిమిషాలలో మూడవ ప్రయత్నమున గెలిచాము. అప్పటికి కానక్ రాకుమారుడు అలవాటు ప్రకారము పేటికలో ఉన్నాడు.

గెలిచిన తరువాత ఏమియు జరగలేదు. అభినందనల బాజా లేదు, ఆట తనకు తానే ముగియలేదు. ఇంటికి మేమే నడచి పోవలసి ఉన్నది. అడుగడుగునా యుద్ధము చేసిన ఆ బయళ్ళపై ఇప్పుడు ఒక్క జంతువు ఎదురు రాదు. ఊళ్ళలో మనుషులు పలుకరిస్తారు. తిన్నగా పోయి రాజును చూడవచ్చును, మేము పోలేదు. కుప్పము చేరే దాకా ఓడ వేసికొని పాత ఊళ్ళన్నీ ఒకసారి చూచి వచ్చాము. కుక్క తిరిగిన వీధి, కానక్ కూర్చొన్న సత్రము. కుప్పము స్టాండులో దిగేటప్పుడు కూడ కోట వాకిలి బయటనే ఉన్నాము. మూసివేయవలెనన్న నియమము ప్రకారము మూసివేశాము. మిగిలిన నాలుగు అడుగులు తిరుగు ప్రయాణములో వేశాము.

ఆ విద్యార్థి రెండు పేపర్లలో ఒకటి గట్టెక్కాడు. మొన్న పుంగనూరు బస్టాండులో కనిపించి, ఫోను తీసి చూపాడు. మంచు దాటినాడు. తెర మీద మిడెన్‌హాల్ సింహాసనము, నవ్వే మనుషులు.

“ఇది నిజమైన ఇల్లు కాదు కదా సార్?”

“రక్షరేకు తెచ్చుకొన్నావా?”

“ఉంది సార్.”

“రెండో పేపరుకు ఫీజు?”

“నిన్న కట్టినాను సార్,” అని రసీదు తీసి చూపుతుండగా మదనపల్లె బస్సు వచ్చినది. ఇద్దరమూ ఎక్కితిమి. సీటు ఒక్కటే ఉన్నది. రాత్రంతా బాక్సులు ఎత్తి వచ్చినవాడు కనుక అతనిని కూర్చోమన్నాము.